వాన కురిపించింది ఎవరు?

 

ఈ మధ్య సాయంత్రపు మక్తబ్‌లో ఆరో తరగతి పిల్లవాడు ఒకడు లేచి నిలబడి ఒక ప్రశ్న అడిగాడు. బడిలో సైన్సు మాస్టారు వాన గురించి చెప్పారట. సముద్రపు నీరు ఆవిరై పైకి లేస్తుంది, అక్కడ చల్లబడి మేఘమవుతుంది, మేఘం వానై కురుస్తుంది. ఇంట్లో నానీ మాత్రం మీకాయీల్ (అలై) అనే దైవదూత అల్లాహ్ ఆజ్ఞతో వాన తెస్తారని చెప్పిందట. "హజ్రత్, పరీక్షలో ఏది రాయాలి? నానీ చెప్పింది రాస్తే సున్నా వేస్తారు. మాస్టారు చెప్పింది రాస్తే గునాహ్ అవుతుందా?" అన్నాడు. మిగతా పిల్లలు నవ్వారు.

ఇది నవ్వుకునే ప్రశ్న కాదు. ఆ పిల్లవాణ్ణి కసిరి కూర్చోబెడితే వాడు నోరు మూసుకుంటాడు, కానీ మనసులో ఒక లెక్క వేసుకుంటాడు: నిజం బడిలో దొరుకుతుంది, దీన్ ఇంట్లో చెప్పుకునే కథ. పదేళ్ళ తర్వాత వాడు తిరుపతిలోనో బెంగళూరులోనో ఇంజనీరింగు చదువుతూ నమాజు మానేస్తే, ఏ స్నేహం చెడగొట్టిందో అని తల్లిదండ్రులు తలలు పట్టుకుంటారు. ఆ లెక్క మొదలైంది ఆరో తరగతిలో, మన కసురుతో. అందుకే ఈ నెల ఈ పేజీలను ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను.

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాలంలో దీనికి చాలా దగ్గరి సంఘటన ఒకటి జరిగింది. హుదైబియాలో సహాబాలతో కలిసి ఆయన విడిది చేసి ఉన్నారు. రాత్రి వాన కురిసింది. తెల్లవారి ఫజ్ర్ నమాజు ముగించి ఆయన (సఅసం) ప్రజల వైపు తిరిగి, మీ ప్రభువు ఏమన్నాడో తెలుసా అని అడిగారు. తర్వాత ఆయన తెలియజేసిన విషయం హజ్రత్ జైద్ బిన్ ఖాలిద్ జుహనీ (రజి) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఆ ఉదయం దాసులు రెండు వర్గాలయ్యారు. అల్లాహ్ అనుగ్రహంతో, కారుణ్యంతో వాన కురిసిందన్నవారు ఆయనను విశ్వసించినవారు. ఫలానా నక్షత్రం వల్ల కురిసిందన్నవారు నక్షత్రాన్ని నమ్మి ఆయనను తిరస్కరించినవారు. హదీసు సారాంశం ఇది.

అరబ్బులకు ఇరవై ఎనిమిది చంద్ర మండలాల లెక్క ఉండేది. ఒక్కొక్క నక్షత్రం అస్తమించే వేళకు ఒక్కొక్క వానను ముడిపెట్టేవారు. మన రాయలసీమ రైతుకు ఇది కొత్త విషయం కాదు. మనకూ ఇరవై ఏడు కార్తెలున్నాయి. ఆరుద్ర కార్తె వాన, మఖ కార్తె వాన అని పీలేరులోనూ కలికిరిలోనూ ముస్లిం రైతు కూడా అంటాడు. ఆ మాట అన్నంత మాత్రాన ఈమాన్ పోతుందా? ఇమామ్ షాఫయీ (రహ్మ) ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. ఫలానా నక్షత్రపు కాలంలో వాన పడింది అనడం, ఫలానా నెలలో పడింది అనడం లాంటిదే, అందులో కుఫ్ర్ లేదు, అయినా అంతకన్నా మంచి మాట వాడడం తనకు ఇష్టం అని ఆయన వివరించారు. వానను నక్షత్రమే స్వయంగా ఇస్తుందని నమ్మడం వేరు, అది షిర్క్. కార్తె ఒక క్యాలెండరు. క్యాలెండరు చూసి విత్తనం వేసినవాడు క్యాలెండరును పూజించినట్టు కాదు.

ఇక ఈ కాలపు మాటకు వద్దాం. ఇప్పుడు నక్షత్రం పేరు చెప్పేవాళ్ళు తగ్గారు, అల్పపీడనం పేరు చెబుతున్నారు. "బంగాళాఖాతంలో అల్పపీడనం వల్ల చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో భారీ వర్షాలు" అని వార్తల్లో వింటాం. కొందరు పెద్దలు ఈ మాట వినగానే చిరాకు పడతారు. నా అభిప్రాయంలో ఆ చిరాకు అనవసరం. అల్పపీడనం అంటే ఏమిటో తెలుసుకుంటే అది కూడా పోతుంది.

తిరుపతి నుండి చిత్తూరు వెళ్ళే రోడ్డు మీద గాదంకి అనే ఊరుంది. మనలో చాలామందికి అది టోల్‌గేటుగానే తెలుసు. అక్కడ భారత అంతరిక్ష విభాగం కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1992లో జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రంగా ఏర్పడి, 2005లో ఇప్పటి పేరు పొందింది. అక్కడి పెద్ద రాడార్ నేల మీద పరచిన పొలంలాగా ఉంటుంది. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు గల చోట 1024 యాంటెనాలు వరుసగా నిలబెట్టారు. అవి 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నిట్టనిలువుగా ఆకాశంలోకి పంపుతాయి. గాలిలోని చిన్న చిన్న సుడులను తాకి ఆ తరంగాలలో అతి స్వల్ప భాగం వెనక్కి వస్తుంది. ఆ వచ్చిన దాన్నిబట్టి ఏ ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో లెక్క కడతారు. మన కంటికి ఖాళీగా కనబడే ఆకాశంలో పొర పైన పొరగా గాలులు, ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కుకు!

మేఘాలను నెమ్మదిగా నడిపించి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి, దొంతరగా పేర్చి, వాటి మధ్య నుండి వాన బయటకు రావడాన్ని చూడమని సూరా నూర్ 43వ ఆయతులో అల్లాహ్ మనిషిని పిలుస్తున్నాడు. గమనించండి, చూడమంటున్నాడు. గాదంకిలో రాత్రింబవళ్ళు ఆకాశం వైపు ముఖం పెట్టి కూర్చున్న శాస్త్రవేత్త, ఏ మతస్థుడైనా సరే, చూసే పని చేస్తున్నాడు. ఆయతు చదివే మనం తల ఎత్తకపోతే ఎలా?

మన ప్రాంతపు వాన ప్రత్యేకత కూడా చెప్పుకోవాలి. జూన్‌లో వచ్చే నైరుతి ఋతుపవనం పడమటి కనుమల దగ్గరే చాలా తేమను దించేసి, రాయలసీమకు చేరేసరికి పలచబడుతుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు గాలి దిశ మారుతుంది. ఈశాన్యం నుండి, అంటే బంగాళాఖాతం మీదుగా వీస్తుంది. వెచ్చని సముద్రం మీద గాలి వేడెక్కి పైకి లేచిన చోట ఒత్తిడి తగ్గుతుంది. చుట్టుపక్కల తేమగాలి అక్కడికి పరుగెత్తుతుంది. అదే అల్పపీడనం. ఆ తేమగాలి ఒడ్డు దాటి వచ్చి శేషాచలం కొండలకు తగిలి ఎక్కుతుంది. ఎక్కినకొద్దీ చల్లబడుతుంది. గాలిలోని దుమ్ము, ఉప్పు రేణువుల చుట్టూ ఆవిరి నీటి బిందువులుగా మారుతుంది. ఒక్కొక్క మేఘ బిందువు మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక వాన చినుకు. మనం గొడుగు తెరవకుండా విసుక్కునే ఒక్క చినుకు! చూడడానికి దూదిలా తేలే ఒక కిలోమీటరు మేఘంలో సుమారు ఐదు వందల టన్నుల నీరు ఉంటుంది. అంత బరువు ఆకాశంలో నిలిచి, మన తల మీద ఒక్కసారిగా కుమ్మరించకుండా చినుకు చినుకుగా దిగుతుంది. ఇది చదివి "సుబ్హానల్లాహ్" అనని నోరు నాకు అర్థం కాదు.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు వినండి. వాడి మామూ పెళ్ళిళ్ళకు బిర్యానీ వండే బావర్చీ. "దమ్ బిర్యానీ ఎలా ఉడుకుతుంది?" అని అడిగాను. "కింద నిప్పులు, మూత మీద నిప్పులు, ఆవిరి పోకుండా అంచుకు పిండి" అన్నాడు గడగడా. "మరి వండింది ఎవరు?" అన్నాను. "మామూ." "నిప్పుల వల్ల ఉడికిందన్నావు కదా, ఇక మామూ ఎందుకు?" అన్నాను. వాడే నవ్వాడు. ఎలా అనే ప్రశ్నకు జవాబు దొరికితే ఎవరు అనే ప్రశ్న రద్దు కాదని వాడికి తెలిసిపోయింది. పరీక్షలో మాస్టారు అడిగింది ఎలా అని. దానికి మాస్టారు చెప్పిందే రాయాలి, బాగా రాయాలి, పూర్తి మార్కులు తెచ్చుకోవాలి. నానీ చెప్పింది ఎవరి ఆజ్ఞతో అని. మీకాయీల్ (అలై) విషయం మనం నమ్మే గైబ్‌లోనిది. దాన్ని రాడార్ చూపించదు, కాదనీ అనదు.

అల్లాహ్‌కు ఏ పోలికా సరిపోదు, ఇది పిల్లవాడి అవగాహన కోసం చెప్పిన మాట మాత్రమే. బావర్చీ నిప్పును పుట్టించలేదు, వండి ఇంటికి వెళ్ళిపోతాడు. అల్లాహ్ కారణాలను పుట్టించాడు, ప్రతి క్షణం వాటిని నిలబెడుతున్నాడు. మన ఉలమా ఆయనను ముసబ్బిబుల్ అస్బాబ్ అంటారు, అంటే కారణాలకే కారకుడు. నీటిని ఆవిరయ్యేలా, ఆవిరిని చల్లబడితే నీరయ్యేలా నియమించింది ఆయనే. ఆ నియమం ఈ రోజు ఒకలా, రేపు ఒకలా ఉంటే సైన్సూ ఉండదు, సేద్యమూ ఉండదు.

దీని మీద ఇమామ్ గజాలీ (రహ్మ) మాట ఒకటి ప్రతి మదర్సా విద్యార్థీ గుర్తుపెట్టుకోదగినది. ఆయన హిజ్రీ 505లో, అంటే క్రీ.శ. 1111లో మరణించారు. తత్వవేత్తలను ఖండిస్తూ రాసిన తహాఫుతుల్ ఫలాసిఫా గ్రంథం ముందుమాటలోనే ఆయన ఒక హెచ్చరిక చేశారు. భూమి నీడ పడితే చంద్రగ్రహణం, చంద్రుడు అడ్డు వస్తే సూర్యగ్రహణం అని ఖగోళ శాస్త్రజ్ఞులు గణితంతో రుజువు చేస్తున్నారు. దీన్ని ఖండించడం ధర్మసేవ అనుకునేవాడు ధర్మానికే హాని చేస్తున్నాడు. ఎందుకంటే ఆ లెక్క తెలిసినవాడు, ఇది షరీఅత్‌కు విరుద్ధం అని వింటే, తన లెక్కను అనుమానించడు, షరీఅత్‌నే అనుమానిస్తాడు. మక్తబ్‌లో లేచి నిలబడ్డ పిల్లవాడి గురించి తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే రాసినట్లుంది కదా!

గజాలీకి ఈ ధైర్యం సున్నత్ నుండి వచ్చింది. దైవప్రవక్త (సఅసం) చిన్న కుమారుడు ఇబ్రాహీం (రజి) మరణించిన రోజునే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడు కూడా చీకటైపోయాడని జనం చెప్పుకున్నారు. అబద్ధ ప్రవక్త ఎవడైనా అయితే అంతకన్నా మంచి అవకాశం దొరకదు, మౌనంగా ఉంటే చాలు. ఆయన (సఅసం) మౌనంగా ఉండలేదు. దుఃఖంలో ఉండి కూడా ప్రజలను సమావేశపరచి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలో రెండని, ఎవరి చావుకూ ఎవరి పుట్టుకకూ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. ఆ వెంటనే, గ్రహణం చూసినప్పుడు నమాజు చేయండి, దుఆ చేయండి అని ఆదేశించారు. మూఢనమ్మకాన్ని తీసేశారు, నమాజును నిలబెట్టారు.

2010 జనవరి 15న సరిగ్గా జుమా వేళ సూర్యగ్రహణం పట్టింది. రామేశ్వరంలో సూర్యుడు ఉంగరంలా కనిపించాడు, మన వైపు పాక్షికంగా కనిపించాడు. ఇంకోసారి 2019 డిసెంబరు 26 ఉదయం. అలాంటి రోజుల్లో మన ముస్లిం ఇళ్ళల్లో కూడా గర్భిణీ స్త్రీలను చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టడం, కత్తి పట్టనివ్వకపోవడం, వండిన అన్నం పారబోయడం ఉంది. దీనికి ఖుర్ఆన్‌లో ఆధారం లేదు, హదీసులో లేదు, సైన్సులోనూ లేదు. అదే గంటలో ఉన్న సున్నత్ నమాజు మాత్రం చాలా ఇళ్ళల్లో ఎవరికీ గుర్తుండదు. కన్ను జాగ్రత్త మాత్రం నిజమే. సూర్యుణ్ణి వట్టి కంటితో చూస్తే చూపు దెబ్బతింటుంది.

ఇప్పుడు ఈ విషయంలో అన్నిటికన్నా బరువైన భాగానికి వస్తున్నాను. 2021 నవంబరు 18, 19 తేదీలు తిరుపతి వాసులు మరచిపోలేరు. బంగాళాఖాతంలోని వాయుగుండం 19వ తేదీ తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. తిరుపతి వీధులు కాలువలయ్యాయి. కొండ మీదికి వెళ్ళే దారులు దెబ్బతిన్నాయి. ఎన్నో ఏళ్ళు ఇసుకగా పడి ఉన్న స్వర్ణముఖి ఒడ్డులు కోసుకుంటూ పారింది. అదే ఉదయం రాజంపేట వైపు చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలను వరద ముంచేసింది. ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం కనిపించి, దిగువ పల్లెలను ఖాళీ చేయించారు. ఆ కట్ట తెగలేదు, అల్‌హందులిల్లాహ్. ఇసుక బస్తాలు మోసిన చేతులకు కూడా మన కృతజ్ఞత చెందాలి.

ఇలాంటి వేళ మన వాళ్ళ నోట ఒక మాట వస్తుంది: "తఖ్దీర్‌లో ఉన్నదే జరుగుతుంది, ఇల్లు వదిలి ఎక్కడికి పోతాం?" మాట నిజమే, వాడిన చోటు తప్పు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరినప్పుడు అక్కడ ప్లేగు ఉందని తెలిసి వెనక్కి తిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒక వైపు పచ్చిక, ఒక వైపు బంజరు ఉంటే ఒంటెను ఎటు తోలినా అల్లాహ్ విధివ్రాతే కదా అని ఉపమానం చెప్పారు. వరద ఇంట్లోకి రావడం తఖ్దీర్ అయితే, గంట ముందు వచ్చిన హెచ్చరికా తఖ్దీరే. మేడ ఉన్న పొరుగువాడు తలుపు తీసి పిలవడమూ తఖ్దీరే. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమని నేర్పిన ప్రవక్త (సఅసం) ఉమ్మత్ మనది.

వాన విషయంలో ఆయన నడవడిక చూడండి. కారుమేఘం కనబడితే ఆయన ముఖంలో ఆందోళన కనిపించేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు. మేఘాన్ని చూసి వాన వస్తోందని సంబరపడ్డ ఆద్ జాతి మీద అదే మేఘం శిక్షగా దిగిన సంగతి ఆయన గుర్తు చేసుకునేవారు. వాన మొదలయ్యాక మాత్రం ఒంటి మీది వస్త్రాన్ని కాస్త తొలగించి చినుకును తాకనిచ్చారు, అది తన ప్రభువు దగ్గర నుండి ఇప్పుడే వచ్చిందని. ఒక జుమా నాడు ఖుత్బా మధ్యలో ఒక వ్యక్తి కరువు గురించి మొరపెట్టుకుంటే చేతులెత్తి దుఆ చేశారు. వారమంతా వాన ఆగలేదు. మరుసటి జుమాకు ఇళ్ళు కూలుతున్నాయని మొర వచ్చింది. అప్పుడు వాన మా మీద కాకుండా మా చుట్టుపక్కల, గుట్టల మీద, లోయల్లో, చెట్ల మొదళ్ళలో కురవాలని దుఆ చేశారు. వానను శపించలేదు, తగిన చోటికి పంపమని అడిగారు. కరువూ వరదా రెండూ ఎరిగిన చిత్తూరు సీమకు ఈ హదీసు ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు.

ఇంకో సున్నత్‌ను మసీదు కమిటీలు గమనించాలి. వాన, బురద, చలిగాలి ఎక్కువగా ఉన్న రాత్రి, ఇళ్ళల్లోనే నమాజు చేసుకోండి అని అజాన్‌తో పాటు ప్రకటించడం హదీసుతో రుజువైన విషయం. రెడ్ అలర్ట్ ఉన్న రోజు ముసలివాళ్ళను మోకాలి లోతు నీళ్ళలో మసీదుకు నడిపించడం తఖ్వా అనిపించుకోదు. పైగా ఆ మైకు ఉన్నది ఎందుకు? వాగు పొంగుతోంది, పల్లపు వీధివాళ్ళు ఖాళీ చేయండి అని తెలుగులోనూ ఉర్దూలోనూ అన్ని మతాలవారికీ వినబడేలా చెప్పవచ్చు.

పిడుగు సంగతి కూడా చెప్పాలి. మెరుపును భయానికీ ఆశకూ కారణంగా చూపిస్తున్నాడని సూరా రఅద్ 12వ ఆయతులో ఉంది. మన రైతుకు దీనికి తఫ్సీరు అక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుము వినబడితే బోరు ఎండినవాడికి ఆశ, మామిడి తోట గుత్తకు తీసుకున్నవాడికి భయం, మదనపల్లె వైపు టమోటా వేసినవాడికి రాళ్ళవాన భయం. 2018 ఏప్రిల్ 24న ఒక్క రోజున, 13 గంటల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. మేఘంలోని మంచు రేణువులు రాసుకుని విద్యుదావేశం పోగవుతుంది, అది నేలకు దూకడమే పిడుగు. ఆ దారిలోని గాలి ఒక్క క్షణంలో సూర్యుని ఉపరితలం కంటే వేడెక్కి పేలినట్లు వ్యాకోచిస్తుంది, అదే ఉరుము. ఉరుము అల్లాహ్ పవిత్రతను కొనియాడుతుందని ఆ మరుసటి ఆయతు తెలుపుతోంది. ఆ కొనియాడే తీరు మనకు తెలియదు. కానీ వెలుగు ముందు, శబ్దం తర్వాత వస్తాయని తెలుసు కాబట్టి దూరం లెక్కపెట్టవచ్చు. మెరుపు చూసిన తర్వాత ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్ల లోపే వినబడితే మేకలు, గొర్రెలు ఎక్కడున్నా సరే మీరు ఇంట్లోకి వెళ్ళండి. చింతచెట్టు కింద నిలబడకండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటకు రండి.

ఒక మాట మన రచయితలకు, ప్రసంగీకులకు. రాడార్, ఉపగ్రహం, పిడుగు యంత్రం అన్నీ ఖుర్ఆన్‌లో ముందే ఉన్నాయని కొందరు కరపత్రాలు వేస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ శాస్త్రజ్ఞులు కష్టపడి కనుగొన్న తర్వాత "ఇది మా దగ్గర ఎప్పుడో ఉంది" అనడంలో గౌరవం లేదు. సిద్ధాంతం మారితే ఆయతును కూడా మార్చి చెబుతారా? ఇబ్నుల్ హైసమ్ చూపు మీద, కమాలుద్దీన్ ఫార్సీ ఇంద్రధనుస్సు మీద ఇలా పని చేయలేదు. ఫార్సీ నీళ్ళు నింపిన గాజు గోళాన్ని పెద్ద వాన చినుకుగా భావించి, అందులో వెలుగు ఎలా వంగి, తిరిగి బయటకు వస్తుందో గమనించి, దాదాపు ఏడు వందల ఏళ్ళ క్రితమే ఇంద్రధనుస్సును వివరించారు. ఖుర్ఆన్ చదివే ఇంట్లో పుట్టి, గాజు గోళం పట్టుకున్న మనిషి ఆయన. మన పిల్లల్లో ఒకడు రేపు గాదంకిలో పరిశోధకుడుగా చేరితే అది వంద కరపత్రాల కన్నా నాకు ఇష్టం.

ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యేలోపు ప్రతి ఇంట్లో మూడు పనులు చేయమని అడుగుతున్నాను. ఫోనులో దామిని యాప్ పెట్టుకోండి, పిడుగు దగ్గరలో ఉంటే అది చెబుతుంది. ప్రభుత్వం పంపే హెచ్చరిక సందేశాలను చదవకుండా చెరిపేయకండి, చదువురాని పెద్దలకు చదివి వినిపించండి. వాన చూసినప్పుడు దైవప్రవక్త (సఅసం) చేసిన చిన్న దుఆ, దీన్ని మేలు చేసే వానగా చెయ్యమని అల్లాహ్‌ను అడిగేది, పిల్లలకు అర్థంతో సహా నేర్పండి. ఆ దుఆ రాని పెద్దలు ఈ జుమాకు మీ ఇమామ్ గారిని అడిగి రాయించుకోండి.